కోస్తా, సీమ, తెలంగాణ: జిల్లాల మధ్య అంతరాన్ని వందేళ్ళ వెనక్కి లెక్కగట్టే పద్ధతి

ఏ ప్రాంతం ఎంత వెనకబడింది, ఎప్పటి నుంచి వెనకబడింది అన్న వాదన 1956కి ముందే మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఒకే సెన్సస్ పుస్తకాన్ని, ఒకే అర్థగణాంక శాఖ పట్టికను ముందు పెట్టుకుని ఇద్దరు మనుషులు పూర్తిగా ఎదురెదురు మాటలు చెప్పగలుగుతున్నారు. చాలాసార్లు తేడా అంకెల్లో ఉండదు, వాటిని కలిపిన తీరులో ఉంటుంది. అందుకని ఏ సూత్రమూ ముట్టుకోకముందే మూడు సంగతులు తేల్చుకోవాలి: జిల్లా అంటే ఏనాటి జిల్లా, రూపాయి అంటే ఏ రూపాయి, హైదరాబాదు నగరాన్ని ఎటువైపు వేశారు. శ్రమలో ముప్పాతిక వంతు వీటికే పోతుంది. సూచీలు కట్టడం ఒక్క పూట పని.

సరంజామా పెద్దగా ఏమీ అక్కర్లేదు. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. 1901 నుంచి 2011 దాకా జనాభా లెక్కలు కావాలి. పాత సంపుటాలు చాలావరకు సెన్సస్ శాఖ వెబ్‌సైట్‌లోనే స్కాన్ చేసి ఉన్నాయి. ఏటేటా వచ్చే సీజన్ అండ్ క్రాప్ రిపోర్టులు, అర్థగణాంక శాఖ వేసే జిల్లా ఉత్పత్తి అంచనాలు కావాలి. ఇంకా వెనక్కి పోవాలంటే నిజాం వైపు రికార్డులకు హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, మద్రాసు ప్రెసిడెన్సీ వైపు రికార్డులకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్.

ముందు హద్దులు

"గుంటూరు జిల్లా 1961లో ఇంత, 1981లో ఇంత" అని పక్కపక్కన రాస్తే అది అక్కడే తప్పు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, తరవాత ప్రకాశం అన్నారు. 1961 గుంటూరులో ఒంగోలు ఉంది, 1981 గుంటూరులో లేదు. మెట్ట భాగం చాలా వెళ్ళిపోయింది కాబట్టి మిగిలిన జిల్లా ఏ పనీ చేయకుండానే తలసరి ఆదాయంలో పైకి లేచినట్టు కనబడుతుంది.

ఇలాంటివి కాగితం మీద వరసగా రాసుకుని పెట్టుకోండి. 1904లో గుంటూరు, 1911లో చిత్తూరు, 1925లో పశ్చిమ గోదావరి, 1950లో శ్రీకాకుళం, 1953లో వరంగల్ నుంచి ఖమ్మం. అదే 1953లో బళ్ళారి చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి, మునగాల పరగణా కృష్ణా నుంచి నల్లగొండకు మారాయి. 1978లో హైదరాబాదు నుంచి రంగారెడ్డి, 1979లో విజయనగరం వేరయ్యాయి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఖమ్మం నుంచి గోదావరి జిల్లాలకు వచ్చాయి. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తరవాత 33; 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి.

దీనికి పాఠ్యపుస్తకాలు చెప్పే మందు, విడిపోయిన జిల్లాలన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేయడం. ఇక్కడ అది పనికిరాదు. ప్రకాశానికి మూడు తల్లి జిల్లాలు. వాటన్నిటినీ కలిపితే గుంటూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం ఒకే ముద్ద అవుతాయి. అందులో కృష్ణా డెల్టా ఉంటుంది, నల్లమల ఉంటుంది, సీమ ఉంటుంది. కొలవాలనుకున్న తేడాయే ఆ ముద్దలో కరిగిపోతుంది.

మెరుగైన దారి 1981 సెన్సస్ నాటి 23 జిల్లాల హద్దుల దగ్గర గీత గీసి, ముందువీ తరవాతివీ దానికి సర్దడం. జనాభా వరకు ఈ పని సెన్సస్ వాళ్ళే చేసిపెట్టారు: ప్రతి సెన్సస్‌లోనూ ఏ-2 పట్టిక ఆ సెన్సస్ నాటి హద్దుల ప్రకారం 1901 నుంచి జనాభాను సర్ది ఇస్తుంది. మిగతా అంకెలకు తాలూకా స్థాయికి దిగాల్సిందే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి కాబట్టి 1981 దాకా తాలూకాలు, 1991 నుంచి మండలాలు కూడాలి. తాలూకా రెండుగా చీలిన చోట విస్తీర్ణం నిష్పత్తిలో పంచకండి. నల్లమల, భద్రాచలం అడవులున్న చోట విస్తీర్ణం ఎక్కువ, మనుషులు తక్కువ. లెక్క ఘోరంగా తప్పుతుంది. ఊళ్ళ జాబితా తీసి జనాభా నిష్పత్తిలో పంచండి.

1956కి ముందు ఇంకో ఉచ్చు ఉంది. హైదరాబాదు సంస్థానంలోని 16 జిల్లాల్లో తెలంగాణవి ఎనిమిదే. అయిదు మరాఠ్వాడావి, మూడు కన్నడ ప్రాంతానివి. కాబట్టి సంస్థానం సగటు తెలంగాణ సగటు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ సగటు ఆంధ్ర సగటు కాదు. జిల్లా వారీగా ఏరి కూడుకోండి.

రూపాయి, ఫసలీ, మణుగు, గుంట

నిజాం రాజ్యంలో చెలామణీ అయింది హాలీ సిక్కా. 7 హాలీ రూపాయలు 6 బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. మార్చకుండా రాస్తే తెలంగాణ ఆదాయం, కూలి, శిస్తు అన్నీ ఆరో వంతు ఎక్కువగా కనబడతాయి. చాలా పట్టికల్లో ఏ రూపాయో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ముందుమాటలో ఒకే ఒక్కసారి చెప్పి వదిలేస్తారు. అది చూడకుండా అంకె ఎక్కించకండి.

ఫసలీకి, అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అయితే మద్రాసు ఫసలీ జూలైలో మొదలవుతుంది, నిజాం ఫసలీ అక్టోబరులో, ఆజూర్ నెలతో. 1340 ఫసలీ అంటే అక్కడ 1930 జూలై నుంచి, ఇక్కడ 1930 అక్టోబరు నుంచి. ఏడాది మొత్తం దిగుబడికి ఇది పెద్ద తేడా కాదు కానీ ధరలకు పెద్ద తేడా. కోతలప్పటి ధర ఒకదాంట్లో పడి, ఎండాకాలం ధర ఇంకోదాంట్లో పడుతుంది.

మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే 11 కిలోల పైచిలుకు. బంగాళా మణుగు 82 పౌన్ల పైచిలుకు, అంటే 37 కిలోలు దాటి. రెండింటినీ రిపోర్టుల్లో ఒకే పేరుతో రాస్తారు. ఎకరానికి దిగుబడి మూడింతలు తేడాగా కనబడితే అది భూమి గొప్పతనం అనుకోవద్దు, ముందు మణుగు ఏదో చూడండి.

భూమి కొలతలో జారిపడేవాళ్ళు ఇంకా ఎక్కువ. తెలంగాణ పహాణీలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. 40 గుంటలు ఎకరం కాబట్టి రెండున్నర ఎకరాలు. ఆంధ్ర అడంగల్‌లో అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు, అంటే రెండెకరాల మీద ఇంకో ఎకరంలో అయిదో వంతు. స్ప్రెడ్‌షీట్‌కి రెండూ ఒకటే దశాంశం. తెలంగాణ గ్రామ రికార్డుల నుంచి ఎక్కించేటప్పుడు ఎకరాలు, గుంటలు రెండు వేర్వేరు కాలమ్‌లలో పెట్టి, మూడో కాలమ్‌లో గుంటలను 40తో భాగించి కలపండి. ఏ గడిలోనైనా చుక్క తరవాత 40కి మించిన అంకె కనబడితే అది గుంటలు కాదని తెలిసిపోతుంది.

మాటలూ మారతాయి. ఆంధ్రలో మాగాణి, మెట్ట. తెలంగాణలో తరి, ఖుష్కి. అక్కడ సార్వా, దాళ్వా. ఇక్కడ ఆబి, తాబి. రెండో పంట వేసిన ఎకరాన్ని మొత్తం సాగు విస్తీర్ణంలో రెండుసార్లు లెక్కిస్తారు, నికర సాగులో ఒకసారే. ఒక ప్రాంతానికి మొత్తం సాగు, ఇంకో ప్రాంతానికి నికర సాగు తీసుకుని పోల్చిన పట్టికలు చాలానే తిరుగుతున్నాయి.

అన్నిటికన్నా మోసం చేసేది లెక్కలోకి రాని భూమి. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, మద్రాసు వైపు జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. అంతకుముందు జాగీరు, జమీందారీ ఊళ్ళ సాగు లెక్కలు సర్కారే నేరుగా శిస్తు వసూలు చేసుకునే దివానీ, రైత్వారీ ఊళ్ళ లెక్కలంత గట్టివి కావు. రద్దయ్యాక అవి సర్కారు పుస్తకాల్లోకి వచ్చాయి, సాగు విస్తీర్ణం ఒక్కసారి పెరిగింది. అది అభివృద్ధి కాదు. విశాఖ వైపు, తెలంగాణలో జాగీర్లు ఎక్కువున్న జిల్లాల్లో 1945–55 మధ్య వచ్చిన పెరుగుదలను వృద్ధి రేటులో కలపకుండా అక్కడ గీత గీసి, రెండు వేర్వేరు కాలాలుగా చూపండి.

తొంభైలకు ముందు ఆదాయం ఎక్కడ దొరుకుతుంది

జిల్లా ఉత్పత్తి అంచనాలు వరసగా, నమ్మదగ్గ రీతిలో వాడుకోవడానికి 1993-94 నుంచే వీలవుతుంది. అంతకుముందు కాలానికి రాష్ట్ర ఆదాయాన్ని జిల్లాలకు పంచాలి. ఆర్థిక చరిత్రకారులు ఎక్కువగా వాడేది గియరీ–స్టార్క్ పద్ధతి. ఒక రంగంలో ఒక్కో కార్మికుడికి రాష్ట్ర సగటు ఉత్పత్తి ఎంతో తీసుకుని, దాన్ని జిల్లా కూలికీ రాష్ట్ర కూలికీ ఉన్న నిష్పత్తితో గుణించి, ఆ జిల్లాలో ఆ రంగంలో ఉన్న కార్మికుల సంఖ్యతో గుణిస్తారు. సగటు 1,000 రూపాయలు, కూలి నిష్పత్తి 0.9, కార్మికులు 50,000 అనుకుంటే 4.5 కోట్లు వస్తుంది. అన్ని జిల్లాల మొత్తం రాష్ట్ర అంకెతో సరిపోయేలా చివర్లో ఒకే గుణకంతో సర్దాలి.

వ్యవసాయానికి మాత్రం దీన్ని వాడకండి. పంట విస్తీర్ణం, దిగుబడి, కళ్ళం ధర మూడూ జిల్లా వారీగా దొరుకుతున్నప్పుడు నేరుగా పంట విలువ కట్టడమే మేలు. వాడిన విత్తనం, ఎరువు, కరెంటు, డీజిల్ ఖర్చు తీసేయడం మరవద్దు. కాలవ కింది ఎకరానికీ బోరు కింది ఎకరానికీ పంట ఒకటే కావచ్చు, మిగిలేది ఒకటి కాదు. కాలవ సర్కారు తవ్విస్తుంది, బోరు రైతు అప్పు చేసి వేస్తాడు, అది ఎండితే ఇంకోటి వేస్తాడు. ఎనభైల తరవాత తెలంగాణలో పెరిగిన నీటి సాగులో బావులదీ బోర్లదీ పెద్ద వాటా. "సాగునీటి శాతం దాదాపు సమానమైంది కాబట్టి అంతరం తగ్గింది" అన్న వాదన విన్నప్పుడల్లా కాలవ, చెరువు, బావి విడివిడిగా రాసి చూడండి. ఈ ఒక్క విభజన చేయకపోవడం వల్ల జరిగినంత అన్యాయం ఇంకే లెక్కలోనూ జరగలేదు.

కార్మికుల సంఖ్యకు సెన్సస్సే ఆధారం, కానీ నిర్వచనం కదులుతూ ఉంటుంది. 1961లో సీజన్‌లో కొద్దిపాటి పని చేసినా కార్మికుల కింద రాశారు. 1971లో ప్రధానంగా ఏ పని చేస్తారని అడిగారు. దాంతో ఆడవాళ్ళు లక్షల్లో మాయమయ్యారు. 1981 నుంచి ప్రధాన కార్మికులు, ఉపాంత (ఏడాదిలో కొద్దికాలమే పని ఉన్న) కార్మికులు అని విడదీశారు. కాలాల మధ్య పోల్చడానికి మగ కార్మికుల సంఖ్య ఒక్కటే వాడడం కొంత భద్రం. కానీ నాట్లు వేసేవాళ్ళు, నిజామాబాద్, కరీంనగర్‌లో బీడీలు చుట్టేవాళ్ళు ఆ లెక్కలోంచి జారిపోతారని పట్టిక కిందే రాయాలి. అక్షరాస్యతలోనూ ఇలాంటి మలుపు ఉంది: 1991 నుంచి ఏడేళ్ళు నిండినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటున్నారు.

పంచిన అంకెలు నమ్మదగ్గవా కాదా అని పరీక్షించడం తేలిక. ఇదే పద్ధతిని 2001కి చేసి, అర్థగణాంక శాఖ అంచనాలతో పక్కపక్కన పెట్టండి. యంత్రాల బలం ఎక్కువున్న జిల్లాలు తక్కువగా వస్తాయి: ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి ఉన్న విశాఖ, బొగ్గు, రామగుండం కరెంటు ఉన్న కరీంనగర్. అక్కడ ఉత్పత్తి కూలి వెంట నడవదు. ఆ తప్పు ఎంతో రాసిపెట్టుకుంటే 1961 అంకెను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

స్థిర ధరల (ఏదో ఒక ఏడాది ధరల్లో లెక్కగట్టిన) శ్రేణులను అతికేటప్పుడు రెండు శ్రేణులకూ ఉమ్మడిగా ఉన్న ఏడాదిలో కొత్త అంకెను పాత అంకెతో భాగించి, ఆ నిష్పత్తితో పాత శ్రేణినంతా గుణించాలి. ప్రతి జిల్లాకూ విడిగా, వీలైతే ప్రతి రంగానికీ విడిగా చేయాలి. ఉమ్మడి ఏడాదిలోనే పాత శ్రేణిలో పదో స్థానంలో ఉన్న జిల్లా కొత్త శ్రేణిలో ఆరో స్థానానికి వచ్చిందంటే, ఆ నాలుగు స్థానాలు కొలతలోని లోపం; అంతకన్నా చిన్న మార్పులకు అర్థాలు తీయకండి.

ఒక చిన్న లెక్క

ఇక సూచీ. అభ్యాసానికి నాలుగు ఊహాజిల్లాలు తీసుకుందాం. తీర ప్రాంతంలో క (జనాభా 40 లక్షలు, తలసరి 12 వేలు), ఖ (20 లక్షలు, 9 వేలు). పీఠభూమిలో గ (30 లక్షలు, 6 వేలు), ఘ (10 లక్షలు, 16 వేలు). ఘ రాజధాని నగరం. మొత్తం జనాభా కోటి, సగటు 10 వేలు.

జనాభా భారంతో విచలన గుణకం (జిల్లాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) కట్టాలంటే, ప్రతి జిల్లా తలసరిలోంచి (వేలల్లో) సగటు తీసి, వర్గం చేసి, జనాభా వాటాతో గుణించి కూడాలి: 1.6, 0.2, 4.8, 3.6 కలిపి 10.2. దాని వర్గమూలం 3.19, సగటు 10తో భాగిస్తే 0.319. జనాభా భారం లేకుండా చేస్తే 0.344 వస్తుంది. చిన్న జిల్లా పెద్ద జిల్లాతో సమానంగా ఓటు వేయడం వల్ల వచ్చిన తేడా అది. మనుషుల మధ్య అంతరం గురించి మాట్లాడుతున్నప్పుడు జనాభా భారం ఉండాల్సిందే.

ప్రాంతాల వాదనకు మాత్రం థైల్ సూచీ కావాలి, ఎందుకంటే అది ప్రాంతాల మధ్య ఎంత, ప్రాంతం లోపల ఎంత అని విడగొడుతుంది. ప్రతి జిల్లాకూ ఆదాయ వాటాను, ఆదాయ వాటా ÷ జనాభా వాటా అనే నిష్పత్తి సహజ సంవర్గమానంతో (స్ప్రెడ్‌షీట్‌లో LN) గుణించి అన్నీ కూడండి. మన నాలుగు జిల్లాలకు 0.052 వస్తుంది. ఇప్పుడు రెండు ప్రాంతాలనే రెండు జిల్లాలుగా భావించి అదే చేయండి: తీరానికి ఆదాయ వాటా 0.66, జనాభా వాటా 0.60; పీఠభూమికి 0.34, 0.40. ఫలితం 0.0076. అంటే మొత్తం అంతరంలో ప్రాంతాల మధ్య ఉన్నది 15 శాతం, మిగతా 85 శాతం ప్రాంతాల లోపల.

ఇప్పుడు ఘ నగరాన్ని తీసేసి మళ్ళీ కట్టండి. మొత్తం సూచీ 0.041, ప్రాంతాల మధ్య 0.034. వాటా 84 శాతం!

అవే జిల్లాలు, అవే అంకెలు. ఒక నగరాన్ని ఉంచడం, తీయడం వల్ల "ప్రాంతీయ వివక్ష అసలు లేదు" అనీ, "ఉన్నదంతా ప్రాంతీయ వివక్షే" అనీ రెండూ రుజువు చేయవచ్చు. 2010 డిసెంబరులో వచ్చిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక చాలా పట్టికల్లో తెలంగాణను హైదరాబాదుతో ఒకసారి, హైదరాబాదు లేకుండా ఒకసారి చూపింది ఇందుకే. మీరూ రెండూ కట్టి, రెండూ పక్కపక్కనే అచ్చు వేయండి. ఒక్కటే చూపించేవాళ్ళ లెక్కను నమ్మవద్దు, మన వైపు మనుషులైనా సరే.

"హైదరాబాదు లేకుండా" అన్నది కూడా ఒకటి కాదు, మూడు. జిల్లా ఒక్కటే తీయడం. చుట్టూ ఉన్న రంగారెడ్డితో కలిపి తీయడం. పటాన్‌చెరు, రామచంద్రాపురం పరిశ్రమలున్న మెదక్ కొసను కూడా తీయడం. ఆ ఫ్యాక్టరీల ఉత్పత్తి మెదక్ ఖాతాలో పడుతుంది, నారాయణఖేడ్ రైతు తలసరి పెరిగినట్టు పట్టిక చెబుతుంది.

కోస్తా వైపు ఇదే జబ్బు తాలూకాల్లో కనబడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ధనం పోగుపడింది డెల్టాలో. కోస్తా అంతటా కాదు. తెనాలి, రేపల్లె ఒక లోకం. 1967లో సాగర్ నీళ్ళు కాలవల్లోకి వచ్చేదాకా పల్నాడు మరో లోకం. గుడివాడకూ తిరువూరుకూ ఒకే కృష్ణా జిల్లా సగటు రాయడం తిరువూరుకు చేసే అన్యాయం. తాలూకా స్థాయి అంకె దొరికిన చోటల్లా డెల్టా, మెట్ట, మన్యం అని మూడుగా చీల్చి థైల్ కట్టండి. శ్రీకాకుళం, పశ్చిమ ప్రకాశం అప్పుడు సీమ పక్కన వచ్చి నిలబడతాయి.

వృద్ధి, దగ్గరవడం

వృద్ధి రేటుకు చివరి తలసరిని మొదటి తలసరితో భాగించి, సహజ సంవర్గమానం తీసి, ఏళ్ళతో భాగించండి. 20 ఏళ్ళలో రెట్టింపైతే ఏటా 3.47 శాతం. మొదలు, చివర ఒక్క ఏడాదిని పట్టుకోకండి. మూడేళ్ళ సగటు, అనంతపురం లాంటి చోట అయిదేళ్ళ సగటు తీసుకోండి. 1972-73, 2002-03 కరువేళ్ళు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచింది. 1977-78తో మొదలుపెడితే కృష్ణా జిల్లా అద్భుతంగా ఎదిగినట్టు వస్తుంది.

వెనకబడ్డవి ముందున్నవాటిని అందుకుంటున్నాయా అని చూడ్డానికి వృద్ధి రేటును మొదటి తలసరి సంవర్గమానం మీద రిగ్రెషన్ చేస్తారు, అంటే జిల్లాల చుక్కలకు దగ్గరగా పోయే సరళరేఖ గీసి దాని వాలు చూస్తారు. వాలు −0.01, కాలం 20 ఏళ్ళు అనుకోండి. వాలును 20తో గుణిస్తే −0.2, ఒకటిలోంచి 0.2 తీస్తే 0.8, దాని సంవర్గమానం −0.223. గుర్తు మార్చి 20తో భాగిస్తే ఏటా 1.1 శాతం. ఆ వేగంతో అంతరం సగం కావడానికి 62 ఏళ్ళు పడుతుంది. మొదటి ఏడాది అంకెలో తప్పు ఉంటే ఈ లెక్క తనంతట తానే "దగ్గరవుతున్నాయి" అని చెబుతుంది: పొరపాటున తక్కువ రాసిన జిల్లా తరవాత వేగంగా ఎదిగినట్టు కనబడుతుంది మరి. అందుకే దీనితో పాటు ప్రతి దశాబ్దానికీ తలసరి సంవర్గమానాల ప్రామాణిక విచలనం గీసి చూడండి. అది తగ్గకుండా వాలు మాత్రం రుణాత్మకంగా వస్తే దగ్గరవుతున్నాయని రాయవద్దు.

చివరిగా, జిల్లా ఉత్పత్తి అంటే ఆ జిల్లా మనుషుల ఆదాయం కాదు. విశాఖ ఉక్కు లాభం విశాఖవాళ్ళ జేబులోకి పోదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ఇళ్ళకు గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఏ జిల్లా ఉత్పత్తి పట్టికలోనూ ఉండదు. పాలమూరు వలస కూలీ బొంబాయిలో కట్టిన గోడ విలువ మహారాష్ట్ర ఖాతాలో పడుతుంది. మనిషిని మాత్రం సెన్సస్ ఏ ఊళ్ళో ఉన్నప్పుడు పట్టుకుంటే ఆ ఊరి జనాభాలో కలుపుతారు. కాబట్టి తలసరి ఉత్పత్తి పక్కన కూలి రేట్లు, అక్షరాస్యత, వ్యవసాయేతర కార్మికుల వాటా కాలమ్‌లు పెట్టండి. ఉత్పత్తి ఒక దిక్కు, ఈ మూడూ ఇంకో దిక్కు చూపిస్తున్న జిల్లాల పేర్లకు గుర్తు పెట్టుకుని, ముందుగా వాటి తాలూకా పుస్తకాలు తెరవండి.